1952లో రాబిన్సన్ ఓడింది వేడికా, బరువుకా?

బొగ్గుబండి (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడు వారాలుగా తెగని ఒక వాదనను మీ ముందు పెడుతున్నాను. అమెరికన్ బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ తన జీవితంలో దాదాపు రెండు వందల పోటీలు ఆడాడు. వాటిలో చివరి గంట దాకా నిలబడలేక ఓడినది ఒక్కటే, అది 1952 జూన్ 25 రాత్రి న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జరిగింది. అప్పటికి అతను మిడిల్‌వెయిట్ ఛాంపియన్. ఆ ఏడాది మార్చిలో బోబో ఓల్సన్‌నూ, ఏప్రిల్‌లో రాకీ గ్రాజియానోనూ ఓడించి, తన బరువులో ఇక ఎదురు లేదనిపించుకున్న తర్వాత, పై తరగతి అయిన లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం జోయ్ మాక్సిమ్‌తో తలపడ్డాడు. తూకంలో రాబిన్సన్ 157½ పౌండ్లు, మాక్సిమ్ 173 పౌండ్లు ఉన్నారు. మన లెక్కలో చెప్పాలంటే 71.4 కిలోల మనిషి 78.5 కిలోల మనిషి మీదికి వెళ్ళాడు. పదమూడు రౌండ్లు ముగిసేసరికి రిఫరీ, జడ్జీల స్కోరు కాగితాలన్నింటి మీదా రాబిన్సనే ముందున్నాడు గానీ, పద్నాలుగో రౌండు గంట మోగినప్పుడు స్టూలు మీద నుంచి లేవలేకపోయాడు.

ఆ రాత్రి రింగు దగ్గర 104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 సెల్సియస్ వేడి ఉంది. పదో రౌండు తర్వాత రిఫరీ రూబీ గోల్డ్‌స్టీనే నిలబడలేక తప్పుకుంటే, రే మిల్లర్ అనే మరో రిఫరీ లోపలికి రావలసి వచ్చింది. అందుకే ఈ పోటీ గురించి రాసేవాళ్ళు చాలామంది "రాబిన్సన్‌ను మాక్సిమ్ ఓడించలేదు, ఎండ ఓడించింది" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. మా నాన్నగారు ముప్పై ఏళ్ళు ఓపెన్‌కాస్ట్ గనిలో పనిచేసి వచ్చిన మనిషి కావడంతో ఆ మాటకు నవ్వుతారు. మే నెలలో 45 దాటే ఊళ్ళో ఉంటున్న మనకు 40 అంటే మార్చి నెల లెక్క, ఆ మాత్రానికి ఛాంపియన్ కూలబడితే ఆ ఛాంపియన్‌లోనే లోపం ఉందని ఆయన వాదన.

ఇదంతా తవ్వడానికి కారణం మా తమ్ముడు. వాడూ బాక్సరే, 60 కిలోల తరగతిలో ఆడతాడు. మొన్న మే నెలలో జరిగిన ఒక ఎంపిక పోటీకి వాడి బరువులో అదే క్లబ్బు కుర్రాళ్ళు ఇద్దరు ముందే ఉన్నారని చెప్పి, వీడి పేరును పై తరగతిలో, 63.5లో రాశారు. పెద్దగా అడగకుండానే వీడూ ఒప్పుకున్నాడు. రేకుల షెడ్డులో, ఒక్క ఫ్యాను కూడా లేని చోట మధ్యాహ్నం పూట ఆడించారు. మొదటి రౌండు స్పష్టంగా గెలిచినవాడు మూడో రౌండుకు వచ్చేసరికి చేతులు గడ్డం దాకా ఎత్తలేకపోయాడు. ఇంటికి వచ్చిన దగ్గర నుంచి ఎండ దెబ్బ అంటున్నాడు. ఆ సాయంత్రం నూతి దగ్గర స్నానం చేస్తుంటే చూశాను, మెడ వెనుక రెండు వైపులా, తాడు ఒరుసుకున్నట్టు ఎర్రటి చారలున్నాయి. అడిగితే ఎదుటివాడు మాటిమాటికీ మీద పడి ముంజేయి అక్కడ పెట్టాడని చెప్పాడు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు నా సందేహం ఇది. వేడి అన్నది నిజమైన కారణమా, లేక ఓడిన తర్వాత వెతుక్కునే సాకా? వాడేమో ఇకపై 63.5లోనే ఆడతాను, చలికాలంలో చూపిస్తాను అంటున్నాడు. ఏం చెప్పమంటారు?

సిరొంచ పైల్వాన్:

బొగ్గుబండి గారూ, అడగవలసిన ప్రశ్న వేడి గురించి కాదు, ఆ ఎర్రటి చారల గురించి. నేను బాక్సర్‌ను కాను. గోదావరి ఒడ్డున తాలీం (కుస్తీ అఖాడా) మట్టిలో పెరిగినవాణ్ణి, కాబట్టి మెడ మీద చెయ్యి పడితే ఏమవుతుందో మాత్రం నాకు బాగా తెలుసు.

ఏడు కిలోల తేడా అంటే చేతిసంచిలో పట్టే బియ్యమే కదా అని అందరూ అనుకుంటారు. ఒకసారి ఎత్తి దించేటట్లయితే అది నిజమే. కానీ బరువైనవాడు మీ మీద వాలి మోకాళ్ళు కాస్త సడలిస్తే మీ మెడ మీదికి వచ్చేది ఆ ఏడు కిలోలు కాదు, అతని డెబ్భై ఎనిమిది కిలోలలో ఎంత వదలాలనుకుంటే అంత. ఆ క్షణంలో అతను విశ్రాంతి తీసుకుంటున్నాడు, మీరు ఇద్దరి బరువూ మోస్తున్నారు. రిఫరీ వచ్చి విడదీసే లోపు మీరు మెడ బిగించాలి, నడుము నిలబెట్టాలి, తోసుకుని బయటికి రావాలి, వచ్చీ రాగానే మళ్ళీ కాళ్ళ మీద ఆడాలి. తాలీంలో మా ఉస్తాద్ కొత్తవాళ్ళకు నేర్పే మొదటి పాఠం పట్లు కావు, ఎదుటివాడి మెడ మీద ఎలా బతకాలన్నదే.

మాక్సిమ్ ఈ విద్యలో ఆరితేరినవాడు. ఒక్క దెబ్బతో పడగొట్టే రకం కాదు. ఎడమచేతి జాబ్ (చెయ్యి చాచి వేసే సూటి గుద్దు) వేయడం, దగ్గరికి రావడం, పట్టుకోవడం, వాలడం, అతని ఆట అంతా ఇదే. చూసేవాళ్ళకు విసుగు పుట్టే ఆటే గానీ, పదిహేను రౌండ్ల పోటీకి అంతకన్నా పొదుపైన ఆట లేదు. పైగా అతను దెబ్బలకు లొంగే మనిషి కాదు, జీవితం మొత్తంలో ఒక్కసారే నాకౌట్ అయ్యాడు. దీని ఫలితం ఎక్కడ పడిందో చూడండి. గ్రాజియానోను మూడో రౌండులోనే పడుకోబెట్టిన చేతులు మాక్సిమ్‌ను పదమూడు రౌండ్లు కొట్టినా పడగొట్టలేదు. కింది తరగతిలో పోటీని ముగించే దెబ్బ పై తరగతిలో ఒక పాయింటు మాత్రమే తెస్తుంది, ఆ పాయింటు కోసం మళ్ళీ మొదటి నుంచీ పని చేయాలి. పై బరువుకు వెళ్ళినవాడు గెలుస్తూ గెలుస్తూ అలసిపోవడమనే వింత ఇక్కడి నుంచే వస్తుంది.

ఆ రాత్రి కాగితాలను ఒకసారి లెక్క వేయండి. అప్పటి న్యూయార్క్ పద్ధతిలో రౌండ్ల లెక్కే గానీ ఇప్పటిలాగా పది పాయింట్ల లెక్క లేదు. పదమూడు రౌండ్లకు ఒకరు 10-3, మరొకరు 9-3, ఒక రౌండు సమానం, మూడోవారు 7-3, మూడు రౌండ్లు సమానం అని రాబిన్సన్ వైపు రాశారు. అంటే మిగిలిన రెండు రౌండ్లూ మాక్సిమ్‌కే పోయినా మూడు కాగితాల మీదా రాబిన్సనే గెలిచేవాడు. ఆరు నిమిషాలు ఊరికే కాళ్ళ మీద నిలబడితే చాలు. పదమూడో రౌండులో అతను కుడిచెయ్యి గట్టిగా విసిరి, అది తగలక, తన ఊపుకు తానే బోర్లా పడ్డాడు. మట్టిలో మేము ఇలాంటివి చూస్తాం, నడుములో సత్తువ అయిపోయినవాడికి తన చెయ్యి కూడా తన అదుపులో ఉండదు.

పై తరగతిలో ఓడినవాళ్ళందరూ ఇలాగే ఓడారని మాత్రం అనుకోకండి. 1941 జూన్ 18న బిల్లీ కాన్ లైట్ హెవీ టైటిల్ వదులుకుని హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ మీదికి వెళ్ళాడు. అతనికీ పన్నెండు రౌండ్ల తర్వాత ఒక కాగితం సమానంగా, రెండు కాగితాలు ముందుగా ఉన్నాయి. పదమూడో రౌండులో, ఇక రెండు సెకండ్లు ఉందనగా, నాకౌట్ అయ్యాడు. అది అలసట కాదు, ఆశ. పాయింట్ల మీద గెలిచే పోటీని నాకౌట్‌తో గెలవాలని లోపలికి వెళ్ళి దొరికిపోయాడు. మీ తమ్ముడిది కాన్ కథ కాదు, రాబిన్సన్ కథ.

బరంపురం మాస్టారు (గంజాం జిల్లా):

పైల్వాన్ గారు చెప్పినదానితో నాకు పేచీ లేదు గానీ, వేడిని అంత తేలికగా పక్కన పెట్టడం సరికాదు. ముందుగా ఒక చిన్న సవరణ: ఆ పోటీ జరిగింది రాత్రి, కనుక అది ఎండ కాదు, ఉక్క. ఈ రెండింటికీ ఉన్న తేడా మీ విదర్భలో కన్నా మా బరంపురంలో బాగా తెలుస్తుంది. మీ నాన్నగారి అనుభవాన్ని నేను కాదనను, కానీ ఆయన పనిచేసింది పొడి వేడిలో. చంద్రపూర్ మే నెలలో చొక్కా తడిసిన చోట అరగంటలో ఆరి, ఉప్పు చారలు మిగులుతాయి. మా గోపాల్‌పూర్ తీరం వైపు 35, 36 డిగ్రీలకే బనియను పొద్దున తడిస్తే రాత్రి దాకా తడిగానే ఉంటుంది.

చెమట చల్లబరిచేది కారినందువల్ల కాదు, ఆవిరైనందువల్ల. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అదే లీటరు బొట్లు బొట్లుగా రింగు గుడ్డ మీద కారిపోతే నీరూ ఉప్పూ పోవడమే తప్ప లాభం ఏమీ ఉండదు. జూన్ నెల న్యూయార్క్‌లో గాలి తేమగా ఉంటుంది. అసలు ఈ పోటీ జూన్ 23న జరగవలసింది, వర్షం వల్ల రెండు రోజులు వాయిదా పడింది. దానికి తోడు నెత్తి మీద రింగు దీపాలు, చుట్టూ దాదాపు 48 వేల మంది జనం ఉన్నారు. కాబట్టి మీ నాన్నగారి 40 వేరు, ఆ రాత్రి 40 వేరు. ఒక్క గుద్దు కూడా గుద్దని రిఫరీయే పది రౌండ్లకు పడిపోయాడంటే అది సాకు అనడానికి నాకు నోరు రాదు.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది, నన్ను ఆకర్షించినదీ అదే. శరీరం పెద్దదయ్యే కొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం తగ్గుతుంది. పెద్ద బిందెలో కాచిన నీళ్ళు చిన్న చెంబులోని నీళ్ళకన్నా ఆలస్యంగా చల్లారతాయి కదా, అలాగే వేడిని బయటికి పంపడంలో పెద్ద శరీరమే వెనుకబడుతుంది. ఆ లెక్కన ఆ రాత్రి ముందుగా కూలబడవలసినది మాక్సిమ్. వయసులో కూడా ఇద్దరి మధ్య ఏడాదికి మించి తేడా లేదు, రాబిన్సన్‌కు 31, మాక్సిమ్‌కు 30. మరి సన్నటివాడు ఎందుకు పడ్డాడు?

ఎందుకంటే గాలిలోని వేడి ఇద్దరికీ సమానమైనా, ఒంట్లో పుట్టే వేడి సమానం కాదు. కండరం ఖర్చు పెట్టే శక్తిలో పావు వంతో, అంతకన్నా తక్కువో పనిగా మారుతుంది, మిగిలినదంతా వేడే. రాబిన్సన్ ఆట కాళ్ళ మీద నడిచే ఆట, గుద్దులు వరుస వరుసగా పడే ఆట. పైల్వాన్ గారు చెప్పినట్టు దాని మీద మాక్సిమ్‌ను మోసే పని, తోసే పని, మళ్ళీ మొదలుపెట్టే పని కూడా వచ్చి పడ్డాయి. ఇలా చూస్తే వేడా, బరువా అని అడగడమే పొరపాటు. మాక్సిమ్ బరువు రాబిన్సన్ చేత ఎక్కువ పని చేయించింది, ఆ పని వేడిగా మారింది, ఆ వేడికి బయటికి దారి లేకపోయింది. డ్రెస్సింగ్ గదికి తీసుకువెళ్ళాక అతను సంధిమాటలు మాట్లాడాడట. వడదెబ్బ మెదడుకు తగిలినవాణ్ణి ఒక్కసారి చూసినవారెవరైనా దాన్ని ధైర్యం చాలకపోవడం అనరు.

చల్లటి రాత్రి అయితే రాబిన్సన్ గెలిచేవాడనే నా అభిప్రాయం. అదే వేడిలో తన బరువువాడితో ఆడినా గెలిచేవాడు. రెండూ కలిసినప్పుడే ఓడాడు.

రాజురా పత్తిచేను:

మాస్టారూ, మీ లెక్క చదవడానికి బాగుంది. కానీ వేడి ఊసే లేని చోట కూడా ఇదే కథ జరిగితే ఏమంటారు? 2022 మే 7న లాస్ వెగాస్‌లో, ఏసీ నడిచే టీ-మొబైల్ అరీనాలో, 168 పౌండ్ల తరగతిలో నాలుగు సంస్థల బెల్టులూ పట్టుకుని కూర్చున్న కనెలో అల్వారెజ్ 175 పౌండ్ల ఛాంపియన్ దిమిత్రీ బివోల్ మీదికి వెళ్ళాడు. ముగ్గురు జడ్జీలూ 115-113 అని బివోల్‌కే ఇచ్చారు. ఆ అంకెలు చూసి హోరాహోరీ అనుకోకండి. గుద్దులు లెక్కపెట్టేవాళ్ళ ప్రకారం బివోల్ 710 విసిరి 152 తగిలించాడు, కనెలో 495 విసిరి 84 తగిలించాడు. పోటీ సగానికి వచ్చేసరికి కనెలో తాళ్ళకు ఆనుకుని ఊపిరి తీసుకోవడం టీవీలో స్పష్టంగా కనిపించింది. అక్కడ మెడ మీద వాలిందీ లేదు, ఉక్కా లేదు. ఎత్తయినవాడు దూరం నుంచి జాబ్ వేసి, దగ్గరికి వస్తే నాలుగేసి గుద్దులు వేసి పక్కకు తప్పుకున్నాడు.

అలాగని బరువు ఒక్కటే అనడానికీ వీల్లేదు, ఇదే కనెలో 2019 నవంబరులో ఇదే 175 తరగతిలో సెర్గీ కొవలెవ్‌ను పదకొండో రౌండులో పడగొట్టాడు. కాబట్టి నేను చూసేది ఎదుటివాడు ఎవరు అన్నది. అలసిపోయిన పెద్దవాడిని ఓడించవచ్చు, తన బరువును వాడుకోవడం తెలిసిన పెద్దవాడిని ఓడించడం కష్టం.

పై తరగతికి వెళ్ళేవాళ్ళందరూ ఆశతోనే వెళ్ళరు అన్నది ఇంకో సంగతి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 51, 60, 75 అని మూడే బరువులు పెట్టారు. 2010లో 48 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయిన మేరీ కోమ్ 51కి ఎక్కక తప్పలేదు, సెమీఫైనల్లో నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది. తెలంగాణలోని నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ది దీనికి తలకిందుల కథ: 2022లో 52 కిలోల్లో ప్రపంచ టైటిల్ గెలిచి, పారిస్ ఒలింపిక్స్‌లో ఆ బరువు లేదు కనుక 50కి దిగింది. తరగతులు గీసేది ఎవరో, మోసేది ఎవరో. బొగ్గుబండి గారూ, మీ తమ్ముడి పేరు పై బరువులో రాసినవారిని అప్పుడే అడిగి ఉండవలసింది.

సిరొంచ పైల్వాన్:

పత్తిచేను గారి మాటకు ఒక్కటే చేరుస్తాను. ఎక్కి గెలిచినవాళ్ళూ ఉన్నారు. 1985 సెప్టెంబరు 21న మైకేల్ స్పింక్స్ అప్పటిదాకా 48 పోటీల్లో ఓటమి ఎరుగని లారీ హోమ్స్‌ను ఓడించి, లైట్ హెవీ ఛాంపియన్‌గా ఉంటూ హెవీవెయిట్ గెలిచిన మొదటివాడయ్యాడు. కానీ అతను కావాలని శ్రమపడి ఒళ్ళు పెంచి, 200 పౌండ్లతో రింగులోకి వచ్చాడు. రాబిన్సన్ 157½తో వచ్చాడు, తన సొంత తరగతి హద్దు 160కి కూడా తక్కువే. స్పింక్స్ ఆ తరగతికి తగిన ఒంటితో వెళ్ళాడు, రాబిన్సన్ తన ఒంటితోనే వెళ్ళాడు. మీ తమ్ముడు ఆ రోజు తూకంలో ఎంత ఉన్నాడు?

బొగ్గుబండి (బల్లార్షా):

అందరికీ కృతజ్ఞతలు. పైల్వాన్ గారూ, మీ ప్రశ్న చదివాక తూకం చీటీ వెతికాను. వాడు 59.8, ఎదుటివాడు 63.2. అంటే వాడి సొంత తరగతికే సరిగ్గా సరిపోయే కుర్రాణ్ణి పై తరగతికి పంపాము. ఎవరి పేర్లు ఎక్కడ రాశారన్న విషయం నేను వెళ్ళి అడిగాను, సూటిగా జవాబు రాలేదు, ఇక్కడ ఇంకేమీ రాయను.

నిన్న సాయంత్రం ఇంటి వెనుక ఖాళీ స్థలంలో ఒక ప్రయత్నం చేశాము. నేను 72 కిలోలు ఉంటాను, బాక్సింగ్ రాదు. వాడి మెడ మీద ముంజేయి వేసి, పైల్వాన్ గారు చెప్పినట్టు మోకాళ్ళు సడలించి, వాడు తోసినప్పుడల్లా మళ్ళీ మీద పడుతూ మూడు నిమిషాలు గడియారం పెట్టుకున్నాను. ఉక్క లేదు, సూర్యుడు దిగిపోయాడు, గాలి కూడా వీస్తోంది. మొదటి నిమిషం వాడు నవ్వాడు. రెండో నిమిషంలో మడమలు నేలకు ఆనాయి, అప్పటిదాకా వాడు మునివేళ్ళ మీదే ఉన్నాడని నేను గమనించనేలేదు. మూడో నిమిషం ముగిసేసరికి వాడి చేతులు సరిగ్గా ఆ రోజు షెడ్డులో ఉన్నంత ఎత్తులోనే, రొమ్ము దగ్గర, ఉన్నాయి. నాకు ఆయాసం కూడా రాలేదు. వాడు మెడ తడుముకుంటూ కాసేపు కూర్చుని, "అన్నా, ఆ రోజు కూడా ఇదే" అన్నాడు. ఎండ మాట ఎత్తలేదు.

సిరొంచ పైల్వాన్:

మంచి పని చేశారు. రోజూ అలా వాలండి, కానీ ఇకపై వాణ్ణి తోయనివ్వకండి. తోయడంలోనే సత్తువ పోతుంది. మీ ముంజేయి పడబోయే క్షణానికి ముందే గడ్డం దించి, భుజం లోపలికి తిప్పి, పక్కకు అడుగు వేయడం నేర్పండి, అప్పుడు మీ బరువు గాలిలో పడుతుంది.

బరంపురం మాస్టారు:

ఒక హెచ్చరిక కూడా. 60కి తిరిగి వెళ్ళేటప్పుడు బరువు హద్దు దాటితే దుప్పటి కప్పుకుని ఎండలో పరుగెత్తడం, నీళ్ళు మానేయడం లాంటివి చేయనివ్వకండి. నీరు తక్కువైన ఒంటికి చెమట సరిగ్గా పట్టదు, చెమట సరిగ్గా పట్టని ఒంటికి మూడు రౌండ్లు చాలా ఎక్కువ.

బొగ్గుబండి (బల్లార్షా):

అలాగే, మాస్టారూ. వచ్చే పోటీకి వాడే స్వయంగా వెళ్ళి 60లో పేరు రాయించుకున్నాడు. ఈ ఉదయం తూకం 60.4, రాత్రి అన్నం ఒక ముద్ద తగ్గిస్తే సరిపోతుందని మా అమ్మ తేల్చేసింది. మీ ఉక్క లెక్కంతా నాన్నగారికి చదివి వినిపించాను. మజ్జిగ గ్లాసు పట్టుకుని మొత్తం విని, ఒంట్లో పుట్టే వేడి గురించి చెప్పినది ముమ్మాటికీ నిజమే, డంపరు ఎక్కేవాడికీ తట్ట మోసేవాడికీ గనిలో ఒకే ఎండ ఉండేది కాదు అన్నారు. కానీ 40 డిగ్రీలు మాత్రం మార్చి నెలేనట.